అద్దం ముందు చేసే పనిని అందరి ముందు చేయడం

అందం అనే విషయం మీద, తమ శరీరాన్నే కళగా వాడి ప్రదర్శన (పర్ఫార్మెన్స్ ఆర్ట్) చేయాలని నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది మొదటిరోజే ఒక మాట అంటారు: "అక్కా, నా ఒళ్లు కూడా అందమైనదేనని చూపించాలి." ఆ కోరిక ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలుసు. రంగు గురించో, పళ్ల గురించో, నడుం గురించో చిన్నప్పటి నుంచి మాటలు పడ్డ మనిషికి ఒక్కసారైనా మంచి మాట వినాలని ఉంటుంది. అయినా దాంతో మొదలుపెట్టొద్దనే చెప్తాను. "నేనూ అందగత్తెనే" అని నిరూపించుకోవడానికి జనం ముందు నిలబడితే, వాళ్ల చేతికి మార్కుల కాగితం ఇచ్చి కూర్చోబెట్టినట్టే. పదికి పది వేసినా, వేసే హక్కు వాళ్ల దగ్గరే మిగిలిపోతుంది.

మరి ఏం చూపించాలి? అందంగా కనిపించడం కోసం రోజూ తలుపు వేసుకుని చేసే పని ఉంది కదా, దాన్ని. దానికి పట్టే సమయాన్ని, కలిగే నొప్పిని, రేపు మళ్లీ మొదటికి రావడాన్ని. ఆ పనిని తీసుకొచ్చి పదిమంది ముందు, తొందర లేకుండా, దాపరికం లేకుండా చేయడమే ఈ ప్రదర్శన. చూసేవాళ్లు మన ఒంటికి తీర్పు చెప్పడం మానేసి ఆ చాకిరీని చూడటం మొదలుపెడితే అది ఫలించినట్టు. మొదటిసారి చేయబోయేవాళ్ల కోసం, నేను పాటించే పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క పని వెతుక్కోండి

అద్దం దగ్గర ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఒక వారం పాటు, అద్దం ముందు మీ చేతులూ ముఖమూ చేసే పనులు మాత్రమే అందులో రాయండి. అభిప్రాయాలు వద్దు. బాధలు వద్దు. పితృస్వామ్యం అన్న మాట కూడా ఇప్పుడే వద్దు. "కుడి కనుబొమ కింద వెంట్రుక పీకాను. పై పెదవి మీద వెలుతురు పడేలా తల తిప్పి చూసుకున్నాను. పొట్ట లోపలికి లాగి పక్కనుంచి చూసుకున్నాను. పళ్లు కనిపించకుండా నవ్వి చూసుకున్నాను." ఇలా, క్రియలు మాత్రమే. వారం అయ్యాక మొత్తం చదివితే ఒక పని పదేపదే కనిపిస్తుంది. అన్నిసార్లు చేస్తున్నారని మీకే తెలిసి ఉండదు. మీ ప్రదర్శనకి ముడిసరుకు అదే.

ఒక్క పనితో ఏమవుతుందని అనుకోకండి. 1975లో కోపెన్‌హాగెన్‌లో ప్రదర్శన కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ చేసిన పని తల దువ్వుకోవడం ఒక్కటే. ఒక చేతిలో లోహపు బ్రష్షు, ఇంకో చేతిలో లోహపు దువ్వెన. "కళ అందంగా ఉండాలి, కళాకారిణి అందంగా ఉండాలి" అని అంటూ, జుట్టు తెగేదాకా, ముఖం గీసుకుపోయేదాకా దువ్వుతూనే ఉంది. 1972లో లాస్ ఏంజిలిస్‌లో ఒక పాత ఇంటిని ఆడవాళ్లు తీసుకుని గదిగదినీ కళగా మార్చిన 'విమన్‌హౌస్'లో, కారెన్ లెకాక్, నాన్సీ యూడెల్మన్ కలిసి తయారుచేసిన గది ఒకటుంది. అందులో ఒకామె అద్దం ముందు కూర్చుని మేకప్ వేసుకుంటుంది, నచ్చక తుడిచేస్తుంది, మళ్లీ వేసుకుంటుంది. గది నిండా లేసులు, మెత్తలు, మధ్యలో తీరని అసంతృప్తి. చూడటానికి వచ్చినవాళ్లు ఎంతసేపు నిలబడ్డా ఆ మేకప్ పూర్తి కాదు. ఈ రెండింట్లోనూ కళాకారిణి కొత్తగా కనిపెట్టిన పని ఏమీ లేదు. ఉన్న పనినే, మనం ఆపే చోట ఆపకుండా ముందుకు తీసుకెళ్లారు.

పని ఎంచుకునేటప్పుడు నేను మూడు సంగతులు చూస్తాను. దాన్ని మళ్లీ మళ్లీ చేయగలమా. చేస్తున్నకొద్దీ ఏదైనా మారుతుందా, అంటే చర్మం ఎర్రబడటమో, కాగితం నిండటమో, కండరం అలసిపోవడమో. చూసేవాళ్లకి మాటలు లేకుండా అర్థమవుతుందా. ఈ మూడింటిలో రెండోది లేకపోతే ఎంత మంచి ఆలోచనైనా పది నిమిషాల్లో చప్పబడిపోతుంది.

మా బృందంలో ఒకామె నవ్వుని ఎంచుకుంది. ఫోటోల కోసం ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్న నవ్వు అది: పెదాలు మూసి, కుడి వైపు కొంచెం ఎక్కువ, గడ్డం కిందికి. గోడకి ఆనుకోకుండా నిలబడి ఆ నవ్వుని గంటసేపు అలాగే పట్టి ఉంచింది. సామాను ఏమీ లేదు. మొదట్లో ఎదురుగా ఉన్నవాళ్లు కూడా తిరిగి నవ్వారు, నవ్వితే తిరిగి నవ్వడం అలవాటు కాబట్టి. కాసేపటికి ఆమె కుడి బుగ్గలో, నోటి మూలకి కాస్త పైన, కండరం సన్నగా అదరడం మొదలైంది. తర్వాత అది పెదవి అంచుకి పాకింది. కళ్లు నవ్వడం మానేశాయి, నోరు మానలేదు. ఒకతను నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక ముసలావిడ దగ్గరికి వచ్చి "చాలమ్మా, ఇక దించెయ్" అంది. అందం గురించి ఎన్ని వ్యాసాలు చదివినా ఆ బుగ్గ నాకు చెప్పినంత చెప్పలేదు.

స్కోర్ రాసుకోండి

సంగీతంలో లాగే ప్రదర్శనకీ స్కోర్ ఉంటుంది. ఏం చేస్తారో, ఎంతసేపు చేస్తారో, ఎప్పుడు ఆపుతారో చెప్పే చిన్న కాగితం. అది ఒక పేజీ దాటిందంటే మీరు నాటకం రాస్తున్నారు. నా స్కోర్ ఒకటి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

ఒక కుర్చీ, ఒక బల్ల. బల్ల మీద తెల్ల కాగితం, ట్వీజర్, పారదర్శకమైన టేపు, పెన్ను, గడియారం.
ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టి కూర్చుంటాను.
మణికట్టు నుంచి పైకి ఒక్కో వెంట్రుకా పీకి, కాగితం మీద టేపుతో అంటించి, పక్కన అప్పటి సమయం రాస్తాను.
మాట్లాడను. ఎవరైనా మాట్లాడిస్తే తలెత్తి వాళ్ల కళ్లలోకి చూసి, మళ్లీ పనిలో పడతాను.
గంటన్నర అవగానే లేచి కాగితాన్ని గోడకి తగిలించి వెళ్లిపోతాను.

ఇందులో ప్రతి వాక్యం ఒక నిర్ణయం. సమయం ఎందుకు రాస్తున్నాను? రాయకపోతే అది నొప్పి గురించిన ప్రదర్శన అవుతుంది. రాస్తే జీవితంలో పోయిన గంటల లెక్క అవుతుంది, నాకు కావాల్సింది అది. మాట ఎందుకు లేదు? నేను నోరు తెరిస్తే జనం నా మాటతో వాదిస్తారు, నా చేతిని చూడటం మానేస్తారు. మణికట్టు దగ్గర చిన్న క్లిప్ మైకు పెట్టుకుంటాను, స్పీకర్ నా వెనక ఉంటుంది. వెంట్రుక కుదురుతో సహా వచ్చేటప్పుడు 'టిక్' అని సన్నని చప్పుడు వస్తుంది. మామూలుగా అది మనకే వినపడదు. గది అంతా అది వినపడటం మొదలయ్యాక కబుర్లు ఆగిపోతాయి.

ఆపే వాక్యం తప్పకుండా రాసుకోండి. "చాలనిపించినప్పుడు ఆపుతాను" అనుకుంటే కుదరదు. అందరూ చూస్తుండగా చాలు అనుకోవడం ఎంత కష్టమో అక్కడ కూర్చున్నాకే తెలుస్తుంది. మిమ్మల్ని గడియారమే ఆపాలి, లేకపోతే సామాను అయిపోవడమే ఆపాలి. ఇంకొక మాట: ఇంటి దగ్గర ఒంటరిగా ఒకసారి పూర్తి నిడివి చేసి చూడండి, కానీ జనం ముందు చేయబోయే వారంలో మాత్రం వద్దు. చర్మం కోలుకోవాలి.

ఒంటి మీద ఏం పెట్టొచ్చు

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. ఆవేశంలో ఒంటి మీద ఏదంటే అది పూసుకునే అమ్మాయిల్ని చూస్తే నాకు భయం వేస్తుంది.

చర్మానికి తగిలే ప్రతిదాన్నీ, జిగురు గానీ రంగు గానీ టేపు గానీ, మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత మేర రాసి రెండు రోజులు చూడండి. దురద, ఎర్రదనం, బొబ్బ ఏదొచ్చినా ఆ సరుకు పక్కన పెట్టేయండి. జుట్టు రంగుతో మరీ జాగ్రత్త. నల్ల రంగుల్లో చాలావాటిలో పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది కొందరికి తీవ్రమైన ఎలర్జీ తెస్తుంది. 1993లో లండన్‌లో జనీన్ ఆంటొనీ బకెట్‌లో జుట్టు రంగు పోసి, అందులో తన జుట్టు ముంచి, గ్యాలరీ నేలంతా జుట్టుతో తుడుస్తూ చూసేవాళ్లని వెనక్కి, గది బయటికి నెట్టుకుంటూ పోయింది. ఆడదాని రెండు చాకిరీలు, నేల తుడవడం, జుట్టుకి రంగేసుకోవడం, ఒక్క కదలికలో కలిసిపోయాయి. నాకు చాలా ఇష్టమైన పని అది. కానీ దాన్ని మీరు చేయాలనుకుంటే రంగు బదులు నీళ్లలో కరిగే, ముఖానికి వాడే పెయింట్ వాడండి. చూసేవాళ్లకి తేడా తెలియదు, మీ తలకి తెలుస్తుంది.

గోడలకీ కాన్వాసుకీ వాడే యాక్రిలిక్ రంగులు ఒంటికి వద్దు. ఆరాక బిగుసుకుపోయి, ఊడదీసేటప్పుడు వెంట్రుకల్ని పీకుతాయి. వెంట్రుకలు, పూసలు, కాగితాలు ఒంటికి అంటించాలంటే నాటకాలవాళ్లు గడ్డాలకీ మీసాలకీ వాడే స్పిరిట్ గమ్, దాన్ని తీసే ద్రావకం కలిపి తెచ్చుకోండి. చెప్పుల జిగురు, గాజు ముక్కలు అతికించే త్వరిత జిగురు చర్మం దగ్గరికి కూడా రానివ్వొద్దు. టేపు తీసేటప్పుడు అంచున కాస్త నూనె రాసి, చర్మాన్ని ఒక చేత్తో నొక్కి పట్టి మెల్లగా తీయండి. మెరుపు పొడి కళ్ల దగ్గర వాడాలంటే మేకప్ కోసం తయారైనదే అయ్యుండాలి. ట్వీజర్లు, కత్తెరలు ముందూ తర్వాతా స్పిరిట్‌తో తుడవాలి, ఒకరివి ఇంకొకరు వాడకూడదు.

ఇక చేయకూడదని నేను గట్టిగా చెప్పేవి. ఎలినార్ యాంటిన్ 1972లో 37 రోజుల పాటు తిండి తగ్గించుకుంటూ, రోజూ నాలుగు వైపుల నుంచి నగ్నంగా ఫోటోలు తీయించుకుని, 148 ఫోటోల్ని గోడ మీద వరుసగా పెట్టింది. శిల్పి రాయిని చెక్కినట్టు తన ఒంటిని తానే చెక్కుకున్నానని చెప్పింది. ఒక్కో ఫోటోకీ పక్క ఫోటోకీ తేడా కనపడదు, మొదటిదానికీ చివరిదానికీ మధ్య కూడా కళ్లు చికిలించి వెతకాలి. అంత కష్టానికి దక్కింది ఆ కొంచెమే అన్నదే ఆ పనిలోని పదును. దాన్ని గౌరవించండి, అనుకరించకండి. తిండి మానేయడం, వాంతి చేసుకోవడం, బరువుతో ఆడుకోవడం ఏ స్కోర్‌లోనూ రాయొద్దు. తిండితో ఎప్పుడైనా పోరాటం జరిగి ఉన్న మనిషికైతే అది పాత గాయాన్ని మళ్లీ తెరవడం. కోసుకోవడం కూడా అంతే. ఫ్రెంచి కళాకారిణి ఓర్లాన్ 1990 నుంచి 1993 దాకా తొమ్మిది సర్జరీలనే ప్రదర్శనలుగా చేసింది, ఒకదాన్ని న్యూయార్క్ నుంచి శాటిలైట్ ద్వారా వేరే ఊళ్ల గ్యాలరీలకి చూపించింది. అవన్నీ ఆపరేషన్ థియేటర్లో సర్జన్లు చేసినవి. బ్లేడుతో సొంతంగా చేసుకునే పనికి దాన్ని ఉదాహరణగా చెప్పుకోవద్దు.

బట్టలు తీయాలా?

అందరూ అడుగుతారు. తీయక్కర్లేదు. తీయడానికి కారణం స్కోర్‌లో ఉంటేనే తీయండి. "బట్టలు వేసుకుని ఇదే పని చేస్తే ఏం పోతుంది?" అని మిమ్మల్ని మీరు అడిగి చూసుకోండి. జవాబు వెంటనే రాకపోతే బట్టలు ఉంచుకోండి.

కారణం ఉన్నవాళ్లు ఉన్నారు. 1977లో మార్తా రోస్లర్ చేసిన వీడియోలో తెల్లకోట్లు వేసుకున్న మగవాళ్లు ఒక ఆడమనిషి ఒళ్లంతా టేపుతో కొలుస్తారు. ఒక్కో కొలతకీ ఒక్కో బట్ట తీయాల్సి వస్తుంది, ప్రతి కొలతా "సగటు కన్నా ఎక్కువ", "తక్కువ" అని రికార్డవుతుంది. అక్కడ నగ్నత్వం కొలత వల్ల వచ్చింది. గ్వాటెమాలా కళాకారిణి రెహీనా హొసే గలిండో 2005లో వెనిజులాలో నగ్నంగా నిలబడితే, ఒక ప్లాస్టిక్ సర్జన్ మార్కర్ తీసుకుని 'పరిపూర్ణమైన' ఒళ్లు కావాలంటే కోయాల్సిన, సరిదిద్దాల్సిన చోటల్లా గీతలు గీశాడు. గీత పడాల్సింది చర్మం మీద కాబట్టి బట్టలు అడ్డం.

బట్టలతోనే చేసిన గొప్ప పనులు అంతకన్నా తక్కువేం కాదు. లొరైన్ ఓ'గ్రేడీ 1980లో న్యూయార్క్‌లో 180 జతల తెల్ల గ్లవ్స్‌తో కుట్టిన గౌను వేసుకుని, అందాల పోటీ కిరీటం పెట్టుకుని, పిలవని వేడుకలోకి నడిచి వెళ్లి కొరడాతో తనని తాను కొట్టుకుంటూ కవిత అరిచి చెప్పింది. ఏడ్రియన్ పైపర్ 1970లో వారం పాటు వెనిగర్, గుడ్లు, పాలు, చేపనూనెల్లో నానిన బట్టలు వేసుకుని రద్దీ వేళ భూగర్భ రైలెక్కింది. ఆమెకి వేదిక లేదు, ప్రకటన లేదు. ఆడమనిషి ఎలా ఉండాలని అందరూ అనుకుంటారో దాన్ని వాసనతో తిప్పికొట్టింది. అనా మెండియెటా 1972లో స్నేహితుడు కత్తిరించిన గడ్డం వెంట్రుకల్ని తన ముఖానికి అంటించుకుని గడ్డం పెంచుకుంది. పీకడమే కాదు, అంటించుకోవడం కూడా ఒక దారి.

బట్టలు తీసే నిర్ణయంలో ఇంకో చిక్కుంది, దాన్ని దాటవేయలేను. చూసేవాళ్లకి నచ్చే ఒళ్లయితే ప్రదర్శనని కాక ఒంటిని చూసి ఆనందించి వెళ్లిపోతారు. నచ్చని ఒళ్లయితే "ఎంత ధైర్యం!" అని మెచ్చుకుని వెళ్లిపోతారు. రెండూ తీర్పులే. హన్నా విల్కీ 1974 నుంచి ప్రేక్షకులు నమిలిచ్చిన చూయింగ్ గమ్‌తో చిన్న చిన్న ఆకారాలు చేసి, ఒంటికి మచ్చల్లా అంటించుకుని, మోడల్‌లా పోజులిచ్చి ఫోటోలు తీయించుకుంది. ఆమె అందగత్తె కావడం వల్ల ఇది స్త్రీవాదమా, తనని తాను చూసుకుని మురిసిపోవడమా అని స్త్రీవాద విమర్శకులే అడిగారు. 1990ల మొదట్లో లింఫోమా అనే క్యాన్సర్‌కి చికిత్స జరుగుతున్నప్పుడు, జుట్టు ఊడి, ఒళ్లు ఉబ్బి, బ్యాండేజీలతో ఉన్నప్పుడు కూడా ఆమె అలాగే నిలబడి ఫోటోలు తీయించుకుంది. 1993లో చనిపోయింది. ఆ రెండు కాలాల ఫోటోలూ పక్కపక్కన చూడండి. చేతులు లేకుండా పుట్టిన ఐర్లండ్ కళాకారిణి మేరీ డఫీ వీనస్ డి మైలో అనే ప్రాచీన గ్రీకు విగ్రహంలా నగ్నంగా నిలబడి, డాక్టర్లు తన గురించి అన్న మాటల్ని ప్రేక్షకులకే తిప్పి చెప్పేది. చేతులు లేని రాతి బొమ్మని అందానికి కొలమానం చేసుకున్న కళ్లే, చేతులు లేని మనిషిని చూసి పక్కకి తిరుగుతాయి. ఆ మాట ఆమె ఒళ్లు తప్ప ఇంకెవరి ఒళ్లూ చెప్పలేదు. మీ ఒళ్లు మాత్రమే చెప్పగలిగింది ఏదో వెతకండి. అప్పుడు మెచ్చుకోలుకి చోటు తగ్గుతుంది.

బయట చేసేటట్టయితే ఆ చోటి చట్టం ఏమంటుందో ముందే తెలుసుకోండి, హాలైతే యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

చూసేవాళ్లతో ఏం చేయాలి

మొదటి ప్రదర్శనలో చూసేవాళ్ల చేతికి ఏ పనిముట్టూ ఇవ్వొద్దు. ఇది నా నియమం, దీన్ని ఎవరికోసమూ సడలించను. 1974లో నేపుల్స్‌లో అబ్రమోవిచ్ 72 వస్తువులు బల్ల మీద పెట్టి, ఆరు గంటలపాటు నన్ను మీ ఇష్టం వచ్చినట్టు చేయండి అని నిలబడింది. పువ్వుతో మొదలుపెట్టినవాళ్లు బట్టలు కోశారు, ఒళ్లు గీశారు, ఒకడు తూటా పెట్టిన తుపాకీని ఆమెకే గురిపెట్టాడు. అప్పటికే ప్రదర్శనలు చేసి ఉన్న మనిషికే అలా జరిగింది.

దూరాన్ని నేలమీద టేపుతో గీయండి. చేతి పనైతే రెండడుగులు చాలు, దగ్గరికి వంగి చూడగలగాలి. ఒళ్లంతా కనిపించే పనైతే ఇంకాస్త దూరం. గుమ్మం దగ్గర ఒక కాగితం పెట్టండి: ఎంతసేపు జరుగుతుంది, ముట్టుకోవచ్చా, ఫోటో తీయొచ్చా, మధ్యలో వెళ్లిపోవచ్చా. వెళ్లిపోవచ్చని రాయడం ముఖ్యం. ఉండాలనుకుని ఉన్నవాళ్ల చూపు వేరుగా ఉంటుంది.

తోడుగా ఒక మనిషిని పెట్టుకోండి. ఆమె ఫోటోలు తీయకూడదు, టికెట్లు చూడకూడదు, మిమ్మల్ని చూడటమే ఆమె పని. ఒక సైగ ముందే అనుకోండి. నేను ఎడమ అరచెయ్యి పైకి తిప్పితే ఆపేయాలని అర్థం. ఆ సైగ కనపడగానే ఆమె వచ్చి నా మీద శాలువా కప్పుతుంది, ప్రదర్శన అక్కడితో అయిపోతుంది, కారణం ఎవరికీ చెప్పం. మీరు సైగ చేయకపోయినా ఆపే అధికారం ఆమెకి ఉండాలి. పనిలో మునిగినప్పుడు చలి తెలియదు, రక్తం తెలియదు.

కెమెరా

ప్రదర్శన అయిపోయాక మిగిలేది ఫోటోలే, అందుకే ఫోటోగ్రాఫర్‌తో ముందురోజే కూర్చోవాలి. అలవాటుగా వాళ్లు మనల్ని అందంగా చూపించే కోణాన్నే వెతుకుతారు, మంచి మనసుతోనే. మెత్తని వెలుతురు, పక్క నుంచి ముఖం, చెక్కిలి మీద నీడ. ఆ ఫోటోలు చూస్తే మీరు చేసిన పని మాయమై ఒక అందమైన విషాద స్త్రీ మిగులుతుంది. నేను అడిగేవి ఇవి: కెమెరా ఒకే చోట, ఒకే ఎత్తులో, స్టాండు మీద ఉండాలి. వెలుతురు గదిలో ఉన్నదే. అయిదు నిమిషాలకొక ఫోటో, బాగుందా లేదా అని చూడకుండా. తర్వాత రంగులు దిద్దడం, చర్మం నునుపు చేయడం ఉండవు. అదనంగా చేతివి కొన్ని దగ్గరి ఫోటోలు. ఎర్రబడ్డ గుంటలు కనపడాలి.

ఎవరి దగ్గర ఏ ఫోటోలు ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఎవరు పెట్టొచ్చు, తీసేయమంటే తీసేయాలా, ఇవన్నీ కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. నగ్నత్వం ఉంటే ప్రేక్షకుల ఫోన్లు గుమ్మం దగ్గరే ఉండాలి.

దీంతోపాటు మీ మాటల్లో ఒక పేజీ రాసి దాచండి: ఏ రోజు, ఎక్కడ, ఏం చేశారు, ఏం చేయలేదు. ఎందుకంటే మన గురించి వేరేవాళ్లు రాసిందే చరిత్రగా మిగిలిపోతుంది. 1968 సెప్టెంబర్ 7న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీ బయట ఆడవాళ్లు ఒక చెత్తడబ్బా పెట్టి అందులో హైహీల్స్, అంటించుకునే కనురెప్పల వెంట్రుకలు, బ్రాలు, పత్రికలు, తుడుపు కర్రలు పడేశారు. ఏవీ తగలబెట్టలేదు. అయినా ఆ రోజు నుంచి స్త్రీవాదులంటే బ్రాలు తగలబెట్టినవాళ్లే అన్న మాట పోలేదు. ఆరోజు వాళ్లు చేసిన ఆలోచన, ఆ వస్తువుల ఎంపిక, అన్నీ ఆ ఒక్క అబద్ధం కింద పడిపోయాయి. నాకు ఇప్పటికీ మండుతుంది.

అయిపోయాక

వెంటనే జనంలోకి రావొద్దు. అరగంట ఒక గదిలో కూర్చోండి, చర్మం చల్లని నీళ్లతో కడుక్కోండి, నీళ్లు తాగండి, వెచ్చగా ఉండండి. తర్వాతి రెండు మూడు రోజులు దిగులుగా ఉండటం మామూలే. తోడున్న మనిషి ఫోన్ చేసి పలకరించాలని ముందే ఒప్పందం పెట్టుకోండి.

బయటికి వచ్చాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని "మీరు అందంగానే ఉన్నారండీ, ఎందుకిలా బాధపెట్టుకుంటారు" అంటారు. ప్రేమతోనే అంటారు. థాంక్స్ చెప్పి ఊరుకోకండి, గొడవా పడకండి. "మీరు ఇవాళ పొద్దున అద్దం ముందు ఏం చేశారు?" అని అడగండి. నేను ఎప్పుడూ అదే అడుగుతాను. మాటలు అక్కడి నుంచి వేరే దారి పడతాయి. ఒకావిడ తన కూతురు ఎండలోకి రాకపోవడం గురించి చెప్పింది. ఒకతను జుట్టు పలచబడ్డ చోటిని టోపీతో దాయడం గురించి చెప్పాడు.

ఆఖరి పని, చాలామంది వదిలేసేది: స్కోర్‌ని ఇంకో ఒంటికి ఇవ్వండి. యోకో ఓనో 1964లో క్యోటోలో నేలమీద కూర్చుని కత్తెర ముందు పెట్టి, వచ్చినవాళ్లని తన బట్టలు ముక్కముక్కగా కత్తిరించుకుపొమ్మంది. అదే స్కోర్‌ని 2003లో పారిస్‌లో, తనకి 70 ఏళ్లప్పుడు మళ్లీ చేసింది. ముప్ఫయ్యొకటో ఏట కూర్చున్న ఒళ్లూ ఆ ఒళ్లూ ఒకటి కాదు, చూసేవాళ్లకి దొరికేదీ ఒకటి కాదు. నా ట్వీజర్ స్కోర్‌ని మా బృందంలో ఉన్న ఒక అబ్బాయికి ఇచ్చాను. చేతుల నిండా ఒత్తుగా వెంట్రుకలు అతనికి. అదే బల్ల, అదే కాగితం, అదే గంటన్నర. నేను చేసినప్పుడు దగ్గరికి వచ్చినవాళ్లు అడిగేది "నొప్పిగా లేదా?" అని. అతన్ని అందరూ అడిగింది "ఎందుకు చేస్తున్నావు?" అని. నన్ను ఎవరూ ఎందుకని అడగలేదు. ఇప్పుడు ఆ రెండు కాగితాల్నీ పక్కపక్కన వేలాడదీసి, ప్రతిదాని కింద దాన్ని చేసిన మనిషిని జనం అడిగిన ప్రశ్నలు అడిగిన వరుసలోనే రాసి పెడుతున్నాను. మీ స్కోర్ చేసినవాళ్ల దగ్గర కూడా ఆ ప్రశ్నలు అదే రోజు రాయించుకోండి, మర్నాటికి మారిపోతాయి.